ట్రస్సు ఎక్కే అబ్బాయిలకూ ఓ చదువుంది!

ఈ మధ్య ఏ పెళ్ళి రిసెప్షన్‌కైనా వెళ్ళారా? పెళ్ళికూతురి చీర చూసుంటారు, నగలు చూసుంటారు, వంటలు రుచి చూసుంటారు. ఒక్కసారి తలెత్తి పైకి చూశారా? నిచ్చెనల్లా అల్లిన అల్యూమినియం దూలాలు, వాటికి వరసగా లైట్లు, రెండు చివర్లా గుత్తులుగా స్పీకర్లు, వెనకాల గోడంత టీవీ తెర. ఆ దూలాల్నే ట్రస్సులంటారు. అన్నీ కలిపితే వందల కిలోలు, పెద్ద సంగీత కచేరీలకైతే టన్నులు. అదంతా మన తలల మీదే వేలాడుతుంటుందన్నమాట! దాన్ని కట్టినవాళ్ళెవరు? కట్టడం ఎక్కడ నేర్చుకున్నారు?

నేనూ ఏనాడూ పైకి చూసినదాన్ని కాదు, మా అబ్బాయి ఆ పనిలో దిగేదాకా.

ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేర్పించాం. స్నేహితుడితో కలిసి రాత్రిళ్ళు 'ఈవెంట్ పని' అని వెళ్ళేవాడు. లైట్లు మోస్తాడు కాబోలు, చేతిఖర్చులకి నాలుగు డబ్బులొస్తాయి అనుకున్నాను. ఓ తెల్లవారుజామున వచ్చి చొక్కా విప్పితే నడుం చుట్టూ ఎర్రగా కమిలిపోయిన చార! "ఏమిట్రా ఇది?" అన్నాను. "ఏం లేదమ్మా, పైన కాలు జారింది. బెల్టు ఆపింది" అన్నాడు, అదేదో మామూలు విషయమైనట్టు. ఎంత ఎత్తురా అంటే ఇరవై అడుగులుంటుందేమో అన్నాడు. ఆ బెల్టు నడుముకి కట్టుకునే పటకా. అదీ ముగ్గురికి కలిపి ఒకటి. ఎవరు నేర్పారురా అంటే, "చూసి నేర్చుకోవడమేనమ్మా" అన్నాడు.

వాళ్ళ నాన్నగారు "రేపట్నించి మానెయ్" అన్నారు. వాడు అన్నం మానేశాడు. నాకూ మానిపించాలనే ఉంది. కానీ వాడికి ఆ పనంటే ప్రాణం. బండి నేర్చుకోకుండా తోలితే ప్రమాదం కదా అని బండే కొనివ్వమా? నేర్పించి ఇస్తాం. విశాఖలో మా తమ్ముడున్నాడు. చాలా ఏళ్ళుగా రేవులో బరువులెత్తే పనిలో ఉన్నాడు. వాడికి ఫోన్ చేశాను. "అక్కా, దానికీ ఓ చదువుందే. మేనల్లుణ్ణి నాలుగు రోజులు నా దగ్గరికి పంపు" అన్నాడు. వాడు చెప్పగా తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

దండెం చెప్పే లెక్క

ఈ పని చేసేవాళ్ళని రిగ్గర్లంటారు. బరువుని ఎత్తడం, వేలాడదీయడం, మళ్ళీ క్షేమంగా దించడం వాళ్ళ పని. బలం ఉంటే చాలనుకుంటాం. కాదట, లెక్క తెలియాలి.

మన దొడ్లో దండెమే చూడండి. తాడు బిర్రుగా లాగి కట్టి, మధ్యలో తడి దుప్పటి వేస్తే మేకు ఊడి వస్తుంది. కాస్త వదులుగా కడితే అదే దుప్పటికి ఊడదు. ఎందుకంటారు? 100 కిలోల బరువుని రెండు తాళ్ళతో, చెరో పక్కనుంచి వేలాడదీశామనుకోండి. నిట్టనిలువుగా ఉంటే ఒక్కో తాడు మీద 50 కిలోలు. తాళ్ళు నేలకి 60 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద సుమారు 58. 45 డిగ్రీలైతే 71. 30 డిగ్రీలైతే ఒక్కో తాడు మీదా పూర్తిగా 100! ఇంకా వాల్చి 15 డిగ్రీలు చేస్తే 190 దాటుతుంది. బరువు పెరగలేదు, వాలు మారిందంతే. ఇది తెలియని కుర్రాడు "రెండు తాళ్ళున్నాయిగా, తలా సగం" అనుకుంటాడు.

తెగితే ఏమవుతుందో

2024 జనవరి 18న హైదరాబాద్ శివార్లలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ రజతోత్సవం. పెద్దలిద్దరిని ఇనుప పంజరంలో నిలబెట్టి పైనుంచి వేదిక మీదకి దించుతున్నారు. దాన్ని పట్టుకున్న కట్టు తెగింది. ఒకాయన చనిపోయారు, రెండో ఆయనకి తీవ్ర గాయాలు. చప్పట్లు కొట్టాల్సిన చేతులు తలలు పట్టుకున్నాయి.

అమెరికాలోనూ తప్పలేదు. 2011 ఆగస్టు 13న ఇండియానా రాష్ట్ర తిరునాళ్ళలో పెద్ద గాలి వచ్చి వేదిక పైకప్పు కూలి ఏడుగురు పోయారు. గాలికి కదలకుండా కట్టిన తీగలకి ఆధారంగా పెట్టిన కాంక్రీటు దిమ్మెలు ఆ గాలికి ఆగలేకపోయాయని విచారణలో తేలింది. చూశారా, పైన ఎంత బాగా కట్టినా కింద ఆధారం చాలకపోతే అంతే.

మొదట నేల మీద, తర్వాతే పైకి

కొత్తగా చేరినవాణ్ణి మొదటిరోజే పైకి ఎక్కించేవాళ్ళ దగ్గర పిల్లల్ని ఉంచకండి. మొదట నేల మీద నేర్వాల్సినవే బోలెడు. ట్రస్సు ముక్కలు కలిపి పిన్నులు సరిగా పడ్డాయో లేదో చూడటం, చైన్ పుల్లీ నడపడం, డీ షాకిల్ బిగించడం, విప్పితే వచ్చేలా, లాగితే జారకుండా ముడి వేయడం.

బెల్టులాంటి స్లింగులకి రంగుల భాష ఉంది. సాధారణంగా ఊదారంగుది 1 టన్ను, ఆకుపచ్చది 2, పసుపుది 3 టన్నులు మోస్తుంది. అయినా రంగు చూసి ఊరుకోకుండా చీటీ మీద అంకె చదవాలి. చీటీ చిరిగిపోయినా, అంచు కోసుకుపోయినా పక్కన పారేయాల్సిందే. 'ఇంకోసారికి వస్తుందిలే' అని చిరిగిన చీర దాచుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు!

పైకి ఎక్కేవాళ్ళకి నడుం పటకా చాలదు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటినీ పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. దానికి రెండు కొక్కేల తాడు ఉండాలి. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి, అంటే ఒక్క క్షణం కూడా ఏదో ఒకటి పట్టుకుని ఉండాలన్నమాట. జారి వేలాడుతున్న మనిషిని వెంటనే దించే ఏర్పాటూ ముందే ఉండాలి. అలా ఎక్కువసేపు వేలాడినా ప్రాణం మీదికొస్తుంది.

సర్టిఫికెట్ల మాట

బ్రిటన్‌లో నేషనల్ రిగ్గింగ్ సర్టిఫికెట్ అని ఉంది. రాతపరీక్షతో బాటు చేతల్లోనూ చూపించాలి. మనిషిని ఎత్తే పరికరాన్నీ, స్లింగులూ షాకిళ్ళ లాంటి తగిలింపు సామాన్లనూ ఆర్నెల్లకోసారి, ఎత్తే మిగతా యంత్రాల్ని ఏడాదికోసారి పరీక్ష చేయించాలని 1998 నుంచి అక్కడ చట్టమే ఉంది. అమెరికాలో ఈటీసీపీ పరీక్ష రాయాలంటే ముందు వేల గంటల అనుభవం చూపించాలి. అంటే కొత్తవాడు కొన్నేళ్ళు పెద్దరిగ్గర్ల చేతికింద పనిచేయాల్సిందే.

మన దగ్గర ఈవెంట్ రిగ్గర్‌కి ఇది ఉండి తీరాలి అనే లైసెన్సు అంటూ లేదు. అందుకే మనమే జాగ్రత్తపడాలి. ఎత్తులో పనిచేసేవాళ్ళకి భద్రత నేర్పే చిన్న కోర్సులున్నాయి. ఇంకా పైకెళ్ళాలంటే తాళ్ళ మీద పనిచేయడానికి ఐరాటా అనే సర్టిఫికెట్ ఉంది. మన దేశంలోనూ నేర్పుతారు. మొదటి స్థాయికి 18 ఏళ్ళు నిండాలి, ఆరోగ్యం బాగుండాలి, కనీసం నాలుగు రోజుల శిక్షణ, తర్వాత పరీక్ష. మూడేళ్ళు చెల్లుతుంది. అయితే అది తాళ్ళ మీద వేలాడే విద్య. ట్రస్సుల బరువుల లెక్క విడిగా నేర్చుకోవాలి. ఐ.టి.ఐ.లో ఫిట్టరో, ఎలక్ట్రీషియనో చేసినవాళ్ళకి ఈ పని తొందరగా పట్టుబడుతుంది.

పంపేముందు ఇవి అడగండి

* అబ్బాయికి 18 నిండాయా? మూర్ఛ, కళ్ళు తిరగడం లాంటివి లేవుకదా?
* కొత్తవాళ్ళ పని చూసే అనుభవస్తుడు అక్కడే ఉంటాడా?
* హార్నెస్, హెల్మెట్ ఎవరివి వాళ్ళకిస్తారా? వాటిమీద ఐ.ఎస్.ఐ. గుర్తుందా?
* ఒక్కో లైటుకీ అసలు క్లాంపు కాక విడిగా సేఫ్టీ తీగ కడతారా?
* బరువు ఎత్తేటప్పుడు దాని కింద ఎవరూ లేకుండా చూస్తారా?
* గాలివాన వస్తే పని ఆపే అధికారం ఎవరికుంది?
* రాత్రంతా పనిచేసిన పిల్లలకి నిద్రకి వేళ ఇస్తారా?

బీమా సంగతీ చూడండి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. చిన్న మొత్తమే, కానీ లేనిదానికన్నా నయం.

మావాడు వాళ్ళ మావయ్య దగ్గర నేర్చుకుని, ఎత్తులో పని కోర్సు చేసి వచ్చాడు. పాతచోటికి మళ్ళీ పంపలేదు. కొత్తచోట పెద్దరిగ్గరు ఆర్నెల్లయినా వీణ్ణి పైకి ఎక్కనివ్వలేదు. కిందే ఉంచి పిన్నులు లెక్కపెట్టిస్తున్నాడని వాడు ఒకటే సణుగుడు. నేను మాత్రం ఆ పెద్దాయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం దొడ్లోకి వచ్చి నా దండెం కేసి చూసి, "ఇంత బిర్రుగా కట్టావేంటమ్మా" అంటూ విప్పి, కాస్త వదులుగా మళ్ళీ కట్టాడు. వాడికి లెక్క ఎక్కిందని అప్పుడు నమ్మకం కుదిరింది నాకు. మీ ఇంట్లోనూ ఎవరైనా ట్రస్సు ఎక్కుతానంటే వెంటనే వద్దనకండి. ముందు, ఎవరు నేర్పుతారో అడగండి.