తోలు బూట్లు – పాదాల క్షేమం

గట్టి తోలు బూట్లు సాయంకాలం పూట కొనండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. నిలబడి చూస్తే వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొత్తవాటిని మొదట్లో రోజుకు ఒకటి రెండు గంటలే, నూలు మేజోళ్లతో తొడగండి.

చెమట తోలులో ఇంకుతుంది. తడి ఆరకపోతే వేళ్ల సందులు నాని దురద పెడతాయి. రెండు జతలుంటే రోజు విడిచి రోజు మార్చండి. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెడితే తోలు బిరుసెక్కి కాలిని ఒరుస్తుంది.

మధుమేహం ఉన్నవారికి ముఖ్యంగా చెబుతున్నాను. స్పర్శ తగ్గిన పాదానికి రాయి గుచ్చుకున్నా తెలియదు. తొడిగే ముందు బూటు బోర్లించి దులపండి, తర్వాత లోపల తడిమి చూడండి. రోజూ రాత్రి అరికాళ్లు పరీక్షించుకోండి. పొక్కు కనిపిస్తే చిదపకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. చిన్న పుండే కదా అని ఊరుకుంటే కాలు తీసెయ్యవలసిన స్థితి రావచ్చు.