స్కానింగ్‌లో కనబడని జబ్బు

భిలాయిలో నాకు బాగా తెలిసిన ఒక తెలుగింటి సంగతి ఇది. తండ్రికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, వారానికో షిఫ్టు. కొడుక్కి పదహారేళ్లు, ఐఐటీ కోచింగుకు వెళ్తున్నాడు. ఒక వారం ఆ అబ్బాయి రాత్రిళ్లు పడుకోవడం మానేశాడు. నైట్ షిఫ్టు దిగి తండ్రి పొద్దున్నే ఇంటికొచ్చేసరికి వాడింకా బల్ల దగ్గరే ఉన్నాడు. ముందు నాలుగు నోటు పుస్తకాలు, మూడు రంగుల పెన్నులు. "పడుకోలేదేట్రా?" అంటే, "నాకు నిద్దరక్కర్లేదు నాన్నా, బుర్ర రైలులా పోతంది" అన్నాడట. తల్లికి మొదటి మూడు రోజులూ సంతోషమే. పిల్లాడికి చదువు మీద ధ్యాస కుదిరిందనుకుంది.

ఆ నోటు పుస్తకాలు తర్వాత నేను చూశాను. మొదటి పేజీల్లో లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. పోనుపోను అక్షరాలు పెద్దవై మార్జిన్ దాటాయి. ఒక లెక్క సగంలో ఉండగా ఇంకో లెక్క మొదలైంది. చివరి పుస్తకంలో లెక్కల్లేవు. కొత్త బ్లాస్ట్ ఫర్నేసు బొమ్మ, దాన్ని ప్రధానమంత్రికి పంపిస్తున్నానంటూ పదకొండు పేజీల ఉత్తరం. ఆ వారాంతానికి ఎదురింటాయనతో కొట్లాట. మూడు వారాలు తిరక్కుండా అదే పిల్లాడు గోడవైపు తిరిగి, దుప్పటి ముసుగేసుకుని, స్నానానికి కూడా లేవకుండా పడుకున్నాడు.

చుట్టాల్లో ఒకరు దిష్టి అన్నారు. ఒకరు పరీక్షల భయం అన్నారు. ఇంకొకాయన, చదువుకున్నవాడే, "రాయపూర్ తీసుకెళ్లి తలకు ఎమ్మారై తీయించండి, ఏముందో తేలిపోతుంది" అన్నాడు. దిష్టి మాటను ఈ రోజుల్లో చాలామంది నమ్మరు. ఎమ్మారై మాటను దాదాపు అందరూ నమ్ముతారు. అందుకే దాని గురించి వివరంగా చెప్పాలనిపించింది.

ఆ అబ్బాయికి డాక్టర్లు చెప్పిన పేరు బైపోలార్ డిజార్డర్. కొన్నాళ్లు మనసు హద్దు మీరి ఉరకడం, కొన్నాళ్లు పాతాళానికి కుంగిపోవడం దీని స్వభావం. మొదటిదాన్ని మేనియా అంటారు, రెండోదాన్ని డిప్రెషన్. గంటకోసారి అలిగి గంటకోసారి నవ్వే పిల్లలందరికీ ఈ పేరు తగిలించకూడదు. మేనియా అనాలంటే సాధారణంగా కనీసం వారం రోజులపాటు, రోజులో ఎక్కువ భాగం, ఆ మనిషి తన మామూలు తీరుకు వేరుగా ఉండాలి. నిద్ర తగ్గినా అలసట లేకపోవడం దాని ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి. ఈ చివరి గుర్తును ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. నిద్రపట్టక బాధపడేవాడు పొద్దున్నకి వాడిపోతాడు. మేనియాలో ఉన్నవాడు రెండు గంటలు పడుకుని కొత్త పెళ్లికొడుకులా లేస్తాడు.

ఇక మెదడు విషయానికొద్దాం. పిల్లల బైపోలార్ మీద జరిగిన మెదడు పరిశోధనలో ఫంక్షనల్ ఎమ్మారైని బాగా వాడారు. దీని కిటుకు ఇనుములో ఉంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది కదా. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా చెదరగొడుతుంది. ఆక్సిజన్ నిండా ఉన్నప్పుడు అలా చెయ్యదు. మెదడులో ఒక చోట పని పెరిగితే కొన్ని సెకన్లలో అక్కడికి తాజా రక్తం ఎక్కువగా వస్తుంది. ఈ తేడాను పట్టి బొమ్మ కట్టవచ్చని 1990లో సీజీ ఒగావా చూపించాడు. దల్లీ రాజహరా గనుల ఇనుముతో బతికే భిలాయిలో ఈ సంగతి చెప్తే పిల్లలు ఇట్టే అందుకుంటారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ తేడా చాలా చిన్నది, నూటికి ఒకటి రెండు పాళ్లు. పైగా అది ఆలోచనల ఫోటో కాదు, రక్తప్రవాహపు లెక్క. పత్రికల్లో కనబడే ఎర్రటి, పసుపు మచ్చలు ఆ లెక్కకు కంప్యూటరు వేసిన రంగులు.

ఈ పద్ధతితో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ బృందం చేసి 2006లో ప్రచురించిన ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. బైపోలార్ ఉన్న పిల్లలకూ, లేని పిల్లలకూ స్కానర్‌లో మనుషుల ముఖాలు చూపించారు. ఈ ముఖంలో ఎంత కోపముంది, దీన్ని చూస్తే నీకెంత భయమేస్తోంది అని అడిగారు. ఒక్కోసారి ఈ ముక్కు ఎంత వెడల్పు అనీ అడిగారు. ఏ భావమూ లేని మామూలు ముఖాల్లో కూడా జబ్బున్న పిల్లలకు ఎక్కువ కోపం కనిపించింది. అప్పుడు వాళ్ల మెదడులో అమిగ్డలా అనే భాగం ఎక్కువగా పనిచేసింది. బాదం గింజంత ఉండే ఆ భాగం ప్రమాదాన్ని పసిగట్టే చోటు. ముక్కు వెడల్పు అడిగినప్పుడు మాత్రం ఆ తేడా లేదు. అంటే వాళ్ల చూపు బాగానే ఉంది. ఎదుటి మనిషి మనసును చదివే దగ్గరే తేడా. ఇది చదివాక, "ఎదురింటాయన నన్ను కొట్టడానికే వచ్చాడు" అంటూ ఆ అబ్బాయి ఏడ్చిన ఏడుపు నాకు వేరేగా వినబడింది. ఆయన వచ్చింది పేపరు ఇవ్వడానికి. పిల్లాడు అబద్ధం చెప్పలేదు. వాడికి ఆ ముఖం అలాగే కనబడింది.

ఎదిగే వయసు మెదడులో ఇంకో ఇబ్బంది ఉంది. ఆవేశానికి కళ్లెం వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనక భాగం, ఇరవై దాటి కొన్నేళ్లు వచ్చేదాకా ముదురుతూనే ఉంటుంది. బైపోలార్ ఉన్న కౌమార పిల్లల్లో అమిగ్డలా సగటున కాస్త చిన్నదిగా ఉంటోందని పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. పెద్దవాళ్లలో ఆ తేడా అంత స్పష్టంగా లేదు. ఎనిగ్మా అనే అంతర్జాతీయ కూటమి 6,503 మంది మెదడు బొమ్మలు కలిపి చూసి, జబ్బున్నవారిలో మెదడు పైపొర కొన్ని చోట్ల పలచగా ఉందని 2018లో ప్రకటించింది. ఈ జబ్బుకు ఇచ్చే లిథియం మందు వాడుతున్నవారిలో ఆ పొర కాస్త మందంగా కనబడింది.

ఇన్ని కనిపెట్టాక, పిల్లాడికి ఎమ్మారై తీస్తే ఎందుకు తేలదు? సగటు వల్ల. మగవాళ్ల సగటు ఎత్తు ఆడవాళ్ల సగటు ఎత్తుకన్నా ఎక్కువ. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒక మనిషి ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలని చెప్పి, ఆడో మగో చెప్పమంటే చెప్పగలమా? మెదడు కొలతల్లో తేడాలు ఎత్తులో తేడా కన్నా చాలా చిన్నవి. జబ్బున్నవారి కొలతలూ, లేనివారి కొలతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆ పైన స్కానర్‌లో పిల్లలు కదులుతారు, అప్పటికే మందులు వాడుతుంటారు, ఏటికేడాది వాళ్ల మెదడే మారుతుంటుంది. అందుకే ఈ రోజున ప్రపంచంలో ఎక్కడా, ఏ ఆస్పత్రిలోనూ స్కానింగ్ చూసి బైపోలార్ అని నిర్ధారించే నమ్మదగ్గ పద్ధతి లేదు. డాక్టరు ఎమ్మారై రాస్తే అది గడ్డ, మెదడు వాపు లాంటివి కాదని రూఢి చేసుకోవడానికి. అది తీయించుకోవాల్సిందే. రిపోర్టులో నార్మల్ అని ఉంది కాబట్టి పిల్లాడు నటిస్తున్నాడని మాత్రం ఎవరూ అనకూడదు. ఆ మాట ఈ ఇంట్లోనూ ఒకరన్నారు. ఆ పిల్లాడు అది మరిచిపోలేదు.

స్కానింగ్ తేల్చదు కాబట్టి తేల్చేది మనిషే, అందువల్ల తప్పూ జరుగుతుంది. అమెరికాలో పిల్లలకు బైపోలార్ అని రాసిన డాక్టరు విజిట్లు 1994-95లో లక్ష మంది పిల్లలకు 25 ఉండగా, 2002-03 నాటికి 1,003 అయ్యాయి. నలభై రెట్లు. జబ్బు అంతలా పెరగదు. ఎప్పుడూ చిరాకుగా, కోపంగా ఉండే పిల్లలందరినీ ఆ గూట్లో వేసేశారు. లైబెన్‌లుఫ్ట్ బృందమే అలాంటి పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, వాళ్లలో ఎక్కువమందికి తర్వాత వచ్చేది డిప్రెషన్, ఆందోళనలే గాని బైపోలార్ కాదని చూపించింది. దాంతో 2013లో అమెరికన్ మానసిక వైద్య గ్రంథంలో ఆ పిల్లలకు వేరే పేరు పెట్టారు. ఈ జబ్బు మీద పరిశోధన వల్ల ఇప్పటిదాకా జరిగిన మేలులో ఇదే పెద్దదని నా అభిప్రాయం. ఎన్నో పసి ప్రాణాలను అక్కర్లేని మందుల నుంచి తప్పించి ఉంటుంది.

మన దగ్గర బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో శోభా శ్రీనాథ్ బృందం చిన్న వయసులోనే ఈ జబ్బు మొదలైన 30 మందిని నాలుగైదేళ్లు వెంబడించి 1998లో ఫలితం రాసింది. మొదటి విడత నుంచి అందరూ కోలుకున్నారు. మూడింట రెండొంతుల మందికి మళ్లీ వచ్చింది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలో. తల్లిదండ్రులకు ఇందులో ధైర్యమూ ఉంది, హెచ్చరికా ఉంది. తగ్గింది కదాని మందు ఆపేసే ఇళ్లు ఆ రెండేళ్లను గుర్తుపెట్టుకోవాలి.

వంశంలో ఉంటే వస్తుందా అని ఆ తల్లి నన్ను అడిగింది. వాళ్ల పెద్దనాన్నగారు ఒకప్పుడు ఊరొదిలి తిరిగినాయన. పిట్స్‌బర్గ్‌లో బోరిస్ బిర్మాహెర్ బృందం 2009లో చెప్పిన లెక్క ఇది: తల్లికో తండ్రికో బైపోలార్ ఉన్న పిల్లల్లో 10.6 శాతం మందికి ఈ కోవ జబ్బు కనబడింది, ఇతర పిల్లల్లో 0.8 శాతం మందికి. ముప్పు ఎక్కువే. అయినా ఆ ఇళ్లలోనూ పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది లేదు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. వంశపు సంగతిని లోతుగా చూడటానికి నిమ్హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ కలిసి ఒకే కుటుంబంలో పలువురికి జబ్బున్న ఇళ్లను ఎంచుకుని, వాళ్ల రక్త కణాలను మూలకణాలుగా మార్చి, వాటినుంచి నాడీకణాలను పెంచి పరిశీలిస్తున్నాయి. ఇది పదేళ్లలో తేలే పని కాదు. అయినా చెయ్యాల్సిన పని.

పరిశోధనకు పిల్లల్ని ఇచ్చేముందు అడగాల్సినవి అడగాలి. షికాగోలోని ఇలినాయ్ యూనివర్సిటీలో బైపోలార్ ఉన్న పిల్లల మెదడు మీద లిథియం ప్రభావాన్ని స్కానింగ్‌తో చూసే అధ్యయనం 2009లో మొదలై 2013లో ఆగిపోయింది. పదమూడేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదన్న షరతు తప్పారు, తల్లిదండ్రులకు ప్రమాదాలు సరిగ్గా చెప్పలేదు. యూనివర్సిటీ దాదాపు 31 లక్షల డాలర్లు, దానికి డబ్బిచ్చిన ప్రభుత్వ సంస్థకు తిరిగి కట్టింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. వద్దనే హక్కు పిల్లాడిది.

లిథియం పేరు వచ్చింది కాబట్టి భిలాయి ఎండల గురించి ఒక మాట. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దీని గుణం కనిపెట్టాడు. నేటికీ దీన్ని మించిన మందు ఈ జబ్బుకు తక్కువ. కానీ ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దీని మోతాదు పెరిగి విషం కావచ్చు. మే నెలలో ఇక్కడి ఎండలో సైకిలు మీద కోచింగుకు వెళ్లే పిల్లాడి దగ్గర నీళ్ల సీసా ఉండాల్సిందే. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడక తూలడం కనబడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి. డాక్టరు చెప్పిన గడువుకల్లా రక్తపరీక్ష, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు. డిప్రెషన్ అని మాత్రమే చెప్పి మందు రాయించుకుంటే, ఆ మందే కొందరిలో మేనియాను లేపవచ్చు. కాబట్టి పాత నిద్రలేని వారం సంగతి దాచకుండా చెప్పాలి.

షిఫ్టుల ఇల్లు ఈ జబ్బును పుట్టించదు. కానీ వచ్చే గుణం ఉన్న పిల్లాడికి నిద్ర చెదిరితే విడత ముంచుకురావచ్చు. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక పని చేస్తున్నారు. వంటింటి తలుపు వెనక క్యాలెండరులో తల్లి రోజూ మూడు అంకెలు వేస్తుంది: ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, మనసు పదికి ఎంత. తండ్రి ఏ షిఫ్టులో ఉన్నా పిల్లాడి గదిలో పదిన్నరకి దీపం ఆరుతుంది. వరసగా రెండు రోజులు నిద్ర ఐదు గంటల లోపుకు పడితే డాక్టరుకు ఫోను. పోయిన డిసెంబరులో ఒకసారి అలా పడింది. నాలుగు రోజుల్లో సర్దుకుంది, ఆస్పత్రిలో చేర్చే అవసరం రాలేదు. డాక్టరు ఎమ్మారై ఫిల్ము ఒక్కసారే చూశారు. ఆ క్యాలెండరు ప్రతిసారీ చూస్తారు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే ఈ రాత్రి నుంచే ఆ మూడు అంకెలు రాయండి. ఆ కాగితం పట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. రాయపూర్ ఎయిమ్స్ భిలాయికి ముప్పై కిలోమీటర్ల లోపే ఉంది, అక్కడ మనోవైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోయినా, పిల్లాడు చచ్చిపోతానన్న మాట అన్నా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.