గ్రంథాలయ శిక్షణము - శబ్దాన్వేషణము

విద్యార్థులకు పరిశోధన మార్గమును గణకయంత్రముల వినియోగమును నేర్పుటకై విశ్వవిద్యాలయ గ్రంథాలయములు శిక్షణ శిబిరములు నడపుచున్నవి. పఠితల కాలమును వ్యర్థము కానీయరాదనుట రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది. ఈ శిబిరముల ప్రయోజనమును అదియే.

తెలుగు పరిశోధకుఁడు ఇచట మఱొక మెలకువ నేర్వవలసియున్నది. 1991లో వెలువడిన యూనికోడు పద్ధతియందు తెలుగు అక్షరములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య కలదు. అరసున్నకు వేఱు సంఖ్య. రకారమునకును ఱకారమునకును వేఱువేఱు సంఖ్యలు. సంఖ్యలను మాత్రమే పోల్చు యంత్రమునకు "వాడు" అని తెలిపినచో "వాఁడు" కానరాదు. "ఎరుక" అన్నచో "ఎఱుక" దొరకదు. ద్రుతముపై పరుషము సరళమైనపుడు "కన్నులు" అనునది "గన్నులు"గా నుండును, అదియుఁ దప్పిపోవును.

ఇది యెఱుఁగని విద్యార్థి ఈ పదమును ఈ కవి ప్రయోగింపనేలేదని సిద్ధాంతము చేయును. లేమిని నిరూపించుట కష్టము. యంత్రముయొక్క మౌనము దానికిఁ బ్రమాణము కాఁజాలదు. కావున మొదట పదముయొక్క రూపభేదములన్నియు వ్రాసికొని, ఒక్కొక్కదానిని వేఱుగా వెదకి, దొరికిన ప్రయోగమును ముద్రితప్రతితో సరిచూచి, అది యే ముద్రణమో గుర్తించుట విధిగా నేర్పవలెను. వ్యాకరణమెఱిఁగిన పండితుఁడును గ్రంథాలయాధికారియుఁ గలసి బోధించిననే ఈ శిక్షణము సఫలమగును.