మీకు తెలుసా? సెలవు మర్నాడే ఛాతీ పట్టేస్తుంది!

నూలు దుమ్ము పీల్చేవారికి వచ్చే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తొలిదశలో, వారపు సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజునే ఎక్కువగా బాధిస్తుంది. ఛాతీ పట్టేసినట్టుంటుంది, ఆయాసం వస్తుంది. మర్నాటికి కాస్త తెరిపి ఇస్తుంది. ముదిరితే వారమంతా వదలదు.

◆ ఇందులో దూది పీచు కంటే దాన్ని అంటిపెట్టుకుని ఉండే బాక్టీరియాదే పెద్ద పాత్ర. వాటి నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం శ్వాసనాళాలను వాచేలా చేస్తుంది.

◆ షాంఘైలో 447 మంది నూలు మిల్లు కార్మికులను, 472 మంది పట్టు మిల్లు కార్మికులను 1981 నుంచి 30 ఏళ్లపాటు పరిశీలించారు. నూలువాళ్ల ఊపిరితిత్తులే ఎక్కువ దెబ్బతిన్నాయి. పని మానేశాక మాత్రం కొంత కోలుకున్నాయి.

◆ దుమ్ము ఎక్కువగా లేచేది దూది ఏకేచోట, వడికేచోట. నేతలో తక్కువే కానీ, అసలు లేకపోలేదు. షోలాపూర్ కుంఠా నాకాలో టవళ్లు, చద్దర్లు నేసే మన పద్మశాలీలు దగ్గు, ఆయాసంతో డాక్టరు దగ్గరికెళితే, ‘మగ్గం పని చేస్తాను’ అని, ఏ రోజు ఎక్కువవుతోందో కూడా చెప్పాలి.