మండీ మొదటిసారి తింటే చప్పగా ఎందుకుంటుంది?

చందుర్తి, కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కు ఒక్కరైనా పోని వాడ అరుదు. సెలవుకొచ్చిన బాబాయి మిమ్మల్ని హోటల్‌కు తీసుకుపోయి, మాంసం, అన్నం కలిపి వండే మండీ చెప్పాడనుకోండి. అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం వస్తుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే, "కారం లేదేంది బాబాయ్?" అంటారు.

నిజానికి కారం రుచి కాదు, మంట! మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను తట్టిలేపుతుంది. రోజూ ఆ మంటకు అలవాటుపడ్డ నోటికి అది లేని తిండి చప్పగానే తోస్తుంది. మిరప మనకూ పాత చుట్టమేమీ కాదు. అమెరికా ఖండాల్లో పుట్టిన ఆ కాయను పోర్చుగీసువాళ్లు సుమారు 500 ఏళ్ల కిందట ఇక్కడికి తెచ్చారు.

మండీ యెమెన్‌లోని హద్రమౌత్ వంట. అక్కడి నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీల వారసులు హైదరాబాద్‌లోని బార్కస్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు.

మరి కారం లేకుండా మండీకి రుచి ఎలా వస్తుంది? నేలలో గుంతపొయ్యి. అడుగున నిప్పులు, వాటిపైన అన్నం గిన్నె, ఆపైన మాంసం. మూత బిగిస్తే మాంసం రసం, కొవ్వు చుక్కచుక్కగా అన్నంలోకి దిగుతాయి, పొగ పడుతుంది. గుంత లేనిచోట ఎర్రగా కాలిన బొగ్గుపై నెయ్యి చుక్కవేసి, గిన్నెలో పెట్టి మూసేస్తారు. ఇదీ బాగానే ఉంటుంది.

ఆ పొగను పట్టేది నాలుక కాదు, ముక్కు. అందుకే జలుబున్న రోజు మండీకి వెళ్లకండి. పక్కన టమాటా చట్నీ ఇస్తారు. పొగ రుచి తెలియాలంటే మొదటి నాలుగు ముద్దలకు దాన్ని ముట్టకండి.