మూడేళ్ళప్పటి అరకు ఏమైపోతుంది?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే విశాఖలో మా సీతమ్మధారలో చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఒక వాదన మొదలవుతుంది. అరకు వెళ్దామని ఒకరంటే, "ఇంత చంటిదాన్ని తీసుకెళ్ళి ఏం లాభం? పెద్దయ్యాక దానికేమన్నా గుర్తుంటుందా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. మూడు, మూడున్నరేళ్ళలోపు జరిగిన సంగతులు మనలో చాలామందికి గుర్తుండవు. కానీ అవి ఎప్పుడు చెరిగిపోతాయన్నది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు కిరండూల్ రైల్లో అరకు దారిలోని బొర్రా గుహలకి తీసుకెళ్ళాం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు పెడుతుంది. మొదటి సొరంగంలో చెవులు మూసుకుని నా ఒళ్ళో దూరిన పిల్ల, కాసేపటికి అందరికన్నా ముందు అరవడం మొదలెట్టింది. గుహల దగ్గర కోతి ఒకటి వచ్చి పిల్ల చేతిలో మొక్కజొన్న పొత్తు లాక్కుపోయింది. ఐదేళ్ళప్పుడు అడిగితే ఆ కోతి ఎటు నుంచి వచ్చిందో, రెయిలింగు మీద కూర్చుని గింజలు ఎలా ఒలుచుకు తిందో వరస తప్పకుండా చెప్పేది. తొమ్మిదేళ్ళు వచ్చాక ఆనాటి ఫొటో చూపిస్తే, "ఇది నేనేనా నాన్నా?" అంది.

ఇది మా ఇంట్లో సంగతే కాదు. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో పాట్రీషియా బావర్, మరీనా లార్కినా మూడేళ్ళ పిల్లలు తమ తల్లులతో జూ చూడటం, పుట్టినరోజు లాంటి వాటి గురించి చెప్పుకున్న కబుర్లను రికార్డు చేశారు. కొన్నేళ్ళ తర్వాత అవే సంగతులు ఆ పిల్లల్ని అడిగారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలు ఆ సంగతుల్లో 60 శాతానికి పైగా చెప్పగలిగారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వాళ్ళు చెప్పింది 40 శాతం లోపే. అంటే చిన్నప్పటి జ్ఞాపకం మొదట ఉంటుంది. బడికి వెళ్ళి, ఎక్కాలు నేర్చి, పాలపళ్ళు ఊడే రోజుల్లో జారిపోతుంది.

ఎందుకు జారిపోతుంది? ఒక జవాబు 2014లో టొరంటో నుంచి వచ్చింది. జరిగినవాటిని జ్ఞాపకంగా కూర్చే భాగం మెదడులో హిప్పోకాంపస్. పసితనంలో అక్కడ కొత్త నాడీకణాలు జోరుగా పుడతాయి. అవి వచ్చి అల్లుకునే కొద్దీ పాత అల్లిక చెదిరిపోతుందని పాల్ ఫ్రాంక్‌లాండ్, షీనా జోసెలిన్ బృందం అంటుంది. వాళ్ళు పిల్ల ఎలుకల్లో కొత్త కణాలు పుట్టడం తగ్గిస్తే, అవి నేర్చినదాన్ని ఎక్కువ కాలం గుర్తుంచుకున్నాయి. గినీ పందులు పుట్టేనాటికే వాటి మెదడు చాలావరకు ఎదిగి ఉంటుంది. వాటిలో ఈ మరుపు కనిపించలేదు. మనుషుల్లో ఇంతే జరుగుతుందని ఇంకా రుజువు కాలేదు. అయినా పిల్లల్ని పెంచిన నాకు ఈ వివరణ మనసుకి పట్టింది. ఎదగడమూ, మరిచిపోవడమూ ఒకే పని కావచ్చు.

పోయిందంటే పూర్తిగా చెరిగిపోయిందని కూడా అనలేం. 2018లో అదే బృందం, పసితనంలో జ్ఞాపకాన్ని కూర్చిన కణాలను పెద్దయిన ఎలుకల్లో కాంతితో మళ్ళీ మేల్కొలిపితే, మరిచిపోయిన సంగతి తిరిగొచ్చింది. 2025లో యేల్ యూనివర్సిటీ వాళ్ళు మెలకువగా ఉన్న పసిపిల్లల మెదడుకే స్కాన్ తీసి, ఏడాది దాటినవాళ్ళలో హిప్పోకాంపస్ చూసినదాన్ని దాచుకుంటోందని చూపించారు. కాబట్టి ఏడాదిన్నర పిల్ల ఆర్కే బీచ్‌లో అలను చూసి కెవ్వుమన్నప్పుడు లోపల ఏదో నమోదవుతూనే ఉంటుంది.

మరి తల్లిదండ్రులు చేయగలిగింది ఏమన్నా ఉందా? ఉంది, అది ఖర్చులేని పని: జరిగినవాటి గురించి పిల్లలతో కబుర్లాడటం. న్యూజిలాండ్‌లో జరిగిన ఒక పరిశోధనలో పెద్దవాళ్ళను మీ తొలి జ్ఞాపకం ఏ వయసుదని అడిగితే, యూరప్ మూలాలవాళ్ళకి సగటున మూడున్నరేళ్ళు, అక్కడి మూలవాసులైన మావోరీలకి సుమారు రెండు ముప్పావు ఏళ్ళు వచ్చింది. మావోరీ ఇళ్ళలో గడిచినవాటిని, పుట్టుకల్ని, పెద్దల్ని తలుచుకోవడం ఎక్కువ. బావర్ రికార్డుల్లోనూ, "ఇంకా చెప్పు", "అప్పుడేమైంది?" అంటూ బిడ్డ దారిన బిడ్డని పోనిచ్చిన తల్లుల పిల్లలే తర్వాత వివరంగా చెప్పారు.

మనం సాధారణంగా "సబ్‌మెరైన్ చూశాం, గుర్తుందా?" అని అడుగుతాం. పిల్ల "ఊఁ" అంటుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. "కురుసురా సబ్‌మెరైన్ లోపల నీకు ఏది నచ్చింది?" అని అడిగి చూడండి. పడవ సంగతి వదిలేసి బయట కొనిపెట్టిన పీచుమిఠాయి గురించి చెప్పొచ్చు. సరిదిద్దకండి. ఏ రంగు, ఎవరు కొన్నారు, చేతికి ఎలా అంటుకుంది అని అడగండి. పెట్టె సర్దేటప్పుడు ఒకసారి, అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు ఇంకోసారి, వాళ్ళ నోటితోనే చెప్పించండి.