మీకు తెలుసా? రాయికి కొలిచి చెక్కిన పీట

ఏటి ఒడ్డున దొరికిన రాయిని ఉలి తాకించకుండా ఇంటికి తెచ్చి, అందులో కొండనో జలపాతాన్నో చూడటం జపాన్‌లో ఒక కళ. దాన్ని సుయిసేకి అంటారు. రాళ్లను ఆరాధనగా చూసే ఈ అలవాటు చైనా నుంచి వచ్చింది. చైనావారు చిల్లులు పడ్డ వింత ఆకారాలను మెచ్చితే, జపాన్‌వారి మనసు నిదానమైన రూపాల మీదికి, ముదురు రంగుల మీదికి పోయింది.

అసలు పనితనం పీటలో ఉంది. దాని పేరు దైజా. రాయి అడుగు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా దాన్ని చదును చేయకుండా, చెక్కనే ఆ వంపులకు సరిపోయేలా కొంచెం కొంచెంగా తొలుస్తారు. జిగురు అక్కర్లేకుండా రాయి అందులో కుదురుగా కూర్చోవాలి. పీట మరీ అందంగా ఉంటే అదీ తప్పే, చూపు రాయి మీద నిలవదు. పీట వద్దనుకుంటే ఇసుక పోసిన లోతు తక్కువ పళ్లెంలో పెడతారు.

కొందరు రాళ్లను ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలి, నీళ్లు పోస్తూ ‘పెంచుతారు’. కొత్త రాయికున్న కరుకుదనం పోయి పైన నిగారింపు రావాలి మరి!

14వ శతాబ్దపు చక్రవర్తి గో-దైగో రాజధాని వదిలి పారిపోతూ కూడా తన ప్రియమైన రాయిని వెంట తీసుకెళ్లాడని చెబుతారు. ‘యుమె నో ఉకిహాషి’ అనే ఆ రాయి ఇప్పుడు నగోయాలోని తొకుగావా ఆర్ట్ మ్యూజియంలో ఉంది.